ఇరవై చుట్లకు ఒకసారి

వసంత్ కుంజ్,
నవంబరు 3.

చిరంజీవి ప్రవల్లికకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. బీపీ మాత్ర మరిచిపోవడం లేదు. ఢిల్లీ గాలి సంగతి నీకు తెలిసిందే. ఎదురు బ్లాకు పదింటి దాకా కనపడదు. నీకు నెమ్మదించిందని రాశావు. హారిక కూడా అదే చెప్పింది. ఆ అమ్మాయి నాకు ఫోన్ చేసినందుకు కోప్పడకు. రూములో నాలుగు రోజులు జ్వరంతో పడి ఉండి, ఫోన్ పెట్టెలో అడుగున పెట్టుకుని, ఎవరికీ చెప్పకపోతే పక్క గది పిల్ల ఏం చేస్తుంది? "అంకుల్, తను ఫోన్ ముట్టుకోదు. నేను తెచ్చి చేతిలో పెడితే మళ్లీ పెట్టెలో అడుక్కి తోసేసింది" అంది. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఈ ఉత్తరం రాయాలని కూర్చుంటున్నాను. ఇది నాలుగో కాగితం.

పార్సెల్లో పైన ఉత్తరం, కింద అమ్మ గాలం రీలు ఉన్నాయి. ముందు ఉత్తరం చదువు. పూర్తిగా చదివాకే పెట్టె విప్పు.

నువ్వు మూడు అడిగావు. రీలు ఇంకా పని చేస్తుందా. దారం మెలిపడి చిక్కుకోకుండా ఏం చేయాలి. మూడోది, ఆ రోజు ఫోన్ మోగినప్పుడు అమ్మ ఒడ్డు వైపు తిరగబోయి జారిందా, లేక ఫోన్ కోసం మెట్టెక్కుతూ జారిందా. రెండేళ్లలో నువ్వు ఈ ప్రశ్న అడగడం ఇదే మొదలు. జవాబు రాస్తాను. వరసలోనే రాయనివ్వు. నేరుగా దానికి వెళ్తే మళ్లీ కాగితం చింపేస్తానేమోనని భయం.

రీలు పని చేస్తుంది. పోలీసులు రాడ్డుతో పాటు పాత పేపర్లో చుట్టి ఇచ్చారు. రెండేళ్లు అటక మీదే ఉంది. పోయిన వారం దించాను. లోపల కాలువ ఇసుక ఉంది. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, నూనె వేశాను. హ్యాండిల్ తిప్పితే అమ్మ తిప్పినప్పటి చప్పుడే వస్తోంది.

రెండోది. ఇందులో నా తెలివేమీ లేదు, అంతా అమ్మ చెప్పిందే. కరోల్ బాగ్ వెనక గల్లీలో ఆ రీలు కొన్న రోజు నీకు గుర్తుండదు, నీకు ఆరేళ్లు. కొట్టువాడు రీలు నా చేతికి అందించబోయాడు. అమ్మ మధ్యలోనే లాక్కుంది. "సాబ్‌కి కాదా దీదీ?" అన్నాడు. "మా సాబ్‌కి చేప పులుసులోనే కనపడుతుంది భయ్యా, ఇలా ఇవ్వు" అంది. తాతయ్య దగ్గర గోదావరి కాలువ గట్టున వెదురు గాలంతో నేర్చుకున్న మనిషి. ఈ రీలు తిప్పడం మాత్రం తనకు తానే నేర్చుకుంది.

దారం చిక్కుపడేది నీళ్లలో కాదు, ఇంట్లో చుట్టేటప్పుడే అనేది అమ్మ. కొత్త దారం చక్రాన్ని నేల మీద పడుకోబెట్టు. చీటీ ఉన్న వైపు పైకి ఉండాలి. రీలు కండెకు ముడి వేసి, దారాన్ని రెండు వేళ్ల మధ్య గుడ్డతో పట్టుకుని, కొంచెం బిగువుగా చుట్టు. ఇరవై చుట్లు అయ్యాక ఆగు. దారం వదులు చేసి చూడు. తిన్నగా వేలాడితే సరే. తనంతట తాను మెలితిరిగి ముడుచుకుంటే చక్రాన్ని తిరగేసి, చీటీ కిందికి పెట్టి, మళ్లీ చుట్టు. ప్రతి ఇరవై చుట్లకూ ఆగి చూడాలి. కండె అంచుకు గోరు మందం తక్కువ ఉండగానే ఆపెయ్. ఆశపడి నిండా చుడితే విసిరినప్పుడు దారం కుప్పగా ఊడిపడుతుంది.

విసిరాక బెయిల్‌ను, అదే కండె చుట్టూ తిరిగే వంపు తీగను, చేత్తో మూయి. హ్యాండిల్ తిప్పి మూస్తే దారం వదులుగా పడి తర్వాత ఉచ్చు అవుతుంది. మూశాక ఒకసారి దారం లాగి బిగించుకో. చేప దారం లాక్కుపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకు. అప్పుడు తిప్పిన ప్రతి చుట్టూ ఒక మెలి. తిరిగే రేకు ఎర వాడితే ముందు చిన్న ఇత్తడి స్వివెల్, అదే గుండ్రంగా తిరిగే కొక్కెం, కట్టు. డబ్బాలో ఆరు పెట్టాను.

ఇంత జాగ్రత్త పడినా మెలి పడితే దానికీ ఒక ఉపాయం ఉంది. ఎర విప్పేసి, ఒట్టి దారాన్ని పారే నీళ్లలో బారుగా వదలాలి. ప్రవాహం లాగుతుంటే మెలి విడిపోతుంది. తర్వాత వేళ్ల మధ్య పట్టి చుట్టుకోవాలి. ఇది పుస్తకాల్లో కూడా ఉంది. నువ్వు మాత్రం చేయవద్దు. ఎందుకో ఇప్పుడు రాస్తాను.

ముందురోజు శనివారం. అమ్మకు కుడి భుజం నొప్పి. కొత్త దారం నన్ను చుట్టమంది. టీవీలో మ్యాచ్ వస్తోంది. సోఫాలో కూర్చుని, చక్రాన్ని పక్కన దిండు మీద పడేసి చుట్టాను. చీటీ ఎటు ఉందో చూడలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. వంటింట్లోంచి అడిగింది, "ఏవండీ, ఇరవైకోసారి ఆపి చూస్తున్నారా?" అని.

"చూశాను" అన్నాను.

ఆఫీసులో ముప్పై రెండేళ్లుగా నా పని తనిఖీ. ఇంకొకరు 'చూశాను' అని రాస్తే నిజంగా చూశారో లేదో తేల్చడం.

ఆదివారం ఆరున్నరకల్లా గ్రేటర్ నోయిడా దాటి గంగ కాలువ గట్టు మీద ఉన్నాం. కారు వంతెన అవతల టీ కొట్టు దగ్గర ఆపాను. మూడోసారి విసరగానే దారం కుప్పపడింది. అమ్మ విప్పింది. నాలుగోసారి ఇంకా పెద్ద చిక్కు. దారం వదులు చేసి పైకెత్తి చూపించింది. స్ప్రింగులా చుట్టుకుపోతోంది.

"తనిఖీ ఆఫీసరు గారూ, ఇదేనండీ మీరు చూసింది?"

"దారం మంచిది కాదు" అన్నాను.

"దారానికేం, దివ్యంగా ఉంది. చుట్టిన చెయ్యే..." అని నవ్వింది. నాకు కోపం వచ్చింది. కుర్చీ అటు తిప్పుకుని పేపరు తెరిచాను. ఎర విప్పేసింది. మెలి పోగొట్టడానికి దారం ప్రవాహంలోకి వదలాలి. పై మెట్టు నుంచి అందదు. "కిందికి దిగుతున్నానండీ, కాస్త చెయ్యందివ్వండి" అంది. నేను వినపడనట్టు ఊరుకున్నాను. పేజీ కూడా తిప్పాను. అడుగు మెట్టు మీద పాచి ఉంటుందని నాకు తెలుసు.

ఒక చప్పుడు వినిపించింది. పెద్దదేమీ కాదు. తలెత్తేసరికి మెట్టు మీద చెప్పు ఒకటి ఉంది. నాకు ఈత రాదు. గట్టు వెంట కొంత దూరం పరిగెత్తాను. తర్వాత వెనక్కి తిరిగి టీ కొట్టుకు పరిగెత్తాను. అతను తన ఫోన్లోంచి పోలీసులకు చేశాడు.

అమ్మ ఫోన్ కారులో ఛార్జింగుకు పెట్టి ఉంది. అద్దాలు ఎత్తి ఉన్నాయి. కారు వంతెన అవతల ఉంది. నువ్వు ప్రతి ఆదివారం లాగే "ఎన్ని పడ్డాయమ్మా?" అని అడగడానికి చేశావు. అది మోగడం ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. స్టేషన్‌కు వెళ్లడానికి కారు తీసినప్పుడు తెర మీద నీ పేరు చూశాను.

టీ కొట్టతను పోలీసులకు ఫోన్ చేసింది ఏడూ ముప్పై నాలుగుకు. నీ కాల్ వచ్చింది ఏడూ నలభై రెండుకు. మధ్యలో ఎనిమిది నిమిషాలు. నువ్వు నంబరు నొక్కేసరికి అమ్మ నీళ్లలో పడి పది నిమిషాలైనా అయింది. రెండు వేళలూ పోలీసు కాగితంలోనే ఉన్నాయి. ఒకటి మొదటి పేజీలో, ఇంకొకటి మూడో పేజీలో. ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. నేను ఆ రోజే చూశాను. నకలు జత చేశాను. రెండు చోట్లా గీత గీశాను.

మరి ఫోన్ మాట ఎలా వచ్చిందంటావు. కానిస్టేబుల్ రాసుకుంటూ, నా చేతిలోని అమ్మ ఫోన్ చూసి, "ఫోన్ వచ్చిందా సాబ్?" అన్నాడు. నేను తలూపాను. "ఈ రోజుల్లో ఇదే జరుగుతోంది" అని రాసుకున్నాడు. దారం అని చెబితే ఎవరు చుట్టారని అడుగుతాడనుకున్నాను. అతను అడిగేవాడు కాదు. ఆ కాగితం మీద 'పద్మనాభం' అని పూర్తి సంతకం పెట్టాను.

పదకొండో రోజు వంటింట్లో సీతారత్నం పెద్దమ్మ, "ఆ పిల్ల ఆ వేళకి ఫోన్ చెయ్యకపోతే మా చెల్లెలు ఉండునే" అంది. నువ్వు గుమ్మంలో విస్తళ్లు పట్టుకుని నిలబడ్డావు. నేను హాల్లో ఉన్నాను. విన్నాను. నువ్వు విస్తళ్లు మెల్లగా కింద పెట్టడం చూశాను. లేచి రెండు మాటలు చెప్పాల్సింది. లేవలేదు. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ ఆఫ్ చేశావు. తర్వాత ఎక్కడో కర్ణాటకలో, కుశాలనగర్‌లో ఉద్యోగం చూసుకున్నావు. అక్కడి నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. ప్రతి ఉత్తరానికీ వెంటనే జవాబు రాశాను. ఈ ఒక్క సంగతి తప్ప అన్నీ రాశాను.

నువ్వు దుఃఖంలో ఉన్నావని అందరితో అన్నాను. నీది దుఃఖం కాదు, నేను నీ నెత్తిన పెట్టిన తప్పు. తెలిసీ రెండేళ్లు మోయనిచ్చాను. క్షమించమని అడగను. అడిగితే సరేననడం కూడా నీ మీదే పడుతుంది.

ఆ రోజు సంగతులు పోయిన వారమే విడిగా రాసి, పోలీసు కాగితం నకలుతో కలిపి పెద్దమ్మకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నిన్న ఆమె ఫోన్ చేశారు. "మీరు ఇంతమాట దాచారా మరిదిగారూ" అన్నారు. తర్వాత "పిల్ల అడ్రసు ఇవ్వండి" అన్నారు. ఇచ్చాను.

పదహారో తేదీ ఆదివారం కావేరి ఒడ్డుకు వెళ్తానని రాశావు. ఒక్కదాన్నే, ఫోన్ లేకుండా అన్నావు. రీలు అడిగింది అందుకేనని అర్థమైంది. వెళ్లు. హారికను తీసుకెళ్లు. పై గట్టు మీదే నిలబడు. దారం మెలిపడితే కత్తిరించి పారెయ్. మెలి తీయడానికి నీళ్ల దగ్గరికి దిగకు. కొత్త చక్రాలు రెండు పెట్టాను, కత్తెర కూడా పెట్టాను.

ఫోన్ తీసుకెళ్లు. ఉదయం ఏడూ నలభై రెండుకు నేను చేస్తాను. "ఎన్ని పడ్డాయమ్మా?" అని అడుగుతాను. అంతకంటే ఏమీ అడగను. ఎత్తడం నీ ఇష్టం. ఎత్తకపోతే తర్వాతి ఆదివారం అదే వేళకు మళ్లీ చేస్తాను. ఆ పై ఆదివారం కూడా.

పాత దారం తీసేశాను. ఇంకా మెలికలతోనే ఉంది. పారేయలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను. కొత్తది నిన్న ఉదయం చుట్టాను. టీవీ పెట్టలేదు. చక్రం నేల మీద, చీటీ పైకి. ఇరవై చుట్లకు ఒకసారి ఆగి, దారం వదిలి చూశాను. మొత్తం తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ తిన్నగానే వేలాడింది.

ఇట్లు,
ఈసారి నిజంగా చూసిన
మీ నాన్న,
పద్మనాభం.
(పోలీసు కాగితం మీద పెట్టిన సంతకమే ఇది.)