చప్పుడు చేయని కెమెరా

కొచ్కోర్,
సెప్టెంబరు 12, 2009

ప్రియమైన తోక్తోసున్‌కు,

ఈ ఉత్తరం మీ ఊరి మినీబస్సు డ్రైవరు చేతికిస్తున్నాను. మా అమ్మాయి జిపార్‌ను అత్తారింటికి పంపి నెల దాటింది. ఇల్లు బోసిపోయింది. మా ఆవిడ సైరకన్ రోజూ ఒకటే అడుగుతోంది, "మీ స్నేహితుడు పెళ్ళి సినిమా ఎప్పుడు పంపిస్తాడండీ?" అని. బిడ్డను సాగనంపుతూ తను పాడిన అప్పగింతల పాట తనకే వినాలని ఉందట.

పాత క్యాసెట్ కెమెరా పోయి కొత్తది వచ్చాక గొప్పవాడివైపోయావు. "ఇంక క్యాసెట్లు మార్చే పని లేదు, పెళ్ళంతా ఇందులోనే" అంటూ ఆ మెమరీ కార్డును, గోరంత ముక్కను, గుడారం గుడారానికీ తిప్పి చూపించావు. ముల్లా కూడా ముట్టుకుని చూశాడు. ఆ గోరంత ముక్క ఇక్కడికి రావడానికి ఇన్నాళ్ళా? కుంటి గుర్రం మీద పెట్టి పంపినా ఈపాటికి వచ్చేది.

నీ ఈడువాడు,
బైదిల్దా


అట్‌బాషి,
సెప్టెంబరు 25

ప్రియమైన బైదిల్దాకు,

ఉత్తరం అందింది. అందరం బాగున్నాం. గడ్డి కోత అయిపోయింది.

సినిమా డిస్కులోకి ఎక్కించాలి. ఎక్కించేవాడు నరిన్‌లో ఉన్నాడు. వాడికి తీరిక లేదు. కరెంటు కూడా సరిగా ఉండటం లేదు. కొంచెం ఓపిక పట్టు.

వదినకు నా సలాములు.

తోక్తోసున్


కొచ్కోర్,
అక్టోబరు 18

ప్రియమైన తోక్తోసున్‌కు,

సంతకం ముందు 'నీ ఈడువాడు' అని కూడా రాయలేదు. ఏంటి, అలకా?

నరిన్ సంతలో ఆ డిస్కులవాడు కనిపించాడు. "తోక్తోసున్ తాత మా గడప తొక్కి ఏడాదైంది" అన్నాడు. మీ పక్క వీధి పెళ్ళికి పిలిస్తే నడుం నొప్పి అన్నావట. అదే రోజు గడ్డి మోపులు ఎత్తుతూ కనిపించావట. ఒరేయ్, నువ్వూ నేనూ ఒకే బల్ల మీద కూర్చుని చదివాం. అబద్ధం చెబితే నీ చెవులు ఎర్రబడతాయి. ఉత్తరంలో చెవులు కనపడవనుకున్నావా?

ఏం జరిగిందో రాయి. ఆ పాట రాకపోతే సైరకన్ నన్ను బతకనివ్వదు.

నీ ఈడువాడు,
బైదిల్దా


అట్‌బాషి,
అక్టోబరు 30

ప్రియమైన బైదిల్దాకు,

నిజం రాస్తున్నాను. పాట లేదు. పెళ్ళీ లేదు.

పాత కెమెరా లోపల టేపు తిరుగుతుంటే గుర్రుమని చప్పుడు వచ్చేది. పదిహేనేళ్ళు దాన్ని చెంపకు ఆనించుకుని తీశాను. చప్పుడుంటే తీస్తున్నట్టు. లేకపోతే ఆగినట్టు. కొత్తదానికి చప్పుడు లేదు. తెర మీద ఎర్ర చుక్క వస్తుందని కొట్టువాడు చెప్పాడు. ఎండలో అది నా కళ్ళకు ఆనదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు పొద్దున బొత్తాం నొక్కాను. చప్పుడు లేదు. అందుకోలేదేమో అని మళ్ళీ నొక్కాను. మొదటి నొక్కుడికే అందుకుంది. రెండోదానికి ఆగిపోయింది. అప్పటినుంచి సాయంత్రం దాకా అంతా తలకిందులు. తీస్తున్నాననుకున్నప్పుడు ఆగి ఉంది. ఆపాననుకున్నప్పుడు తీసింది.

వియ్యపురాలు జిపార్‌కు చెవిపోగులు పెట్టిన ఘట్టం అందులో లేదు. వదిన పాట లేదు. ఉన్నవన్నీ నా జోళ్ళు, గడ్డి, గొర్రె తోలు, ఎవరిదో ఒంటి రబ్బరు జోడు.

అంతమందికి ఆ ముక్క చూపించాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. వదినతో నువ్వే చెప్పు. నాకు నోరు రాదు. ఇంక కెమెరా పట్టను.

తోక్తోసున్


కొచ్కోర్,
నవంబరు 9

ప్రియమైన తోక్తోసున్‌కు,

నీ ఉత్తరం చదివి నేనూ సైరకనూ కడుపు పట్టుకుని నవ్వాం. నీకు ముందు పుట్టిన పిల్లలు పోతూ ఉంటే మీ అమ్మ నీకు 'ఇక ఆగనీ' అనే అర్థంతో తోక్తోసున్ అని పేరు పెట్టింది. ఆ పేరు కెమెరా కూడా విన్నట్టుంది, ఆగిపోయింది!

పాట పోతే పోయింది. సైరకన్ ఏమీ అనుకోలేదు. నీ జోళ్ళే పంపు. చలికాలం పొద్దుపోక చస్తున్నాం, చూసి నవ్వుకుంటాం. ఏదీ తీసెయ్యకు, మొత్తం పంపు. కెమెరా పట్టననే మాట మళ్ళీ రాశావో, వచ్చి నీ టోపీ పొయ్యిలో వేస్తాను.

నీ ఈడువాడు,
బైదిల్దా


అట్‌బాషి,
నవంబరు 21

ప్రియమైన బైదిల్దాకు,

ముక్క ఈ కవరులోనే ఉంది. పంపకూడదనే అనుకున్నాను.

ఆ రోజు కెమెరాను గుర్రాల కొట్టం దగ్గర దుంగ మీద పెట్టి టీకి వెళ్ళాను. ఆపాననుకున్నాను. తీస్తూనే ఉంది. బొమ్మలో గోడ మాత్రమే ఉంది. మాటలు వినపడతాయి. నువ్వు, నీ బావమరిది మెలిస్.

మెలిస్ అన్నాడు, "ఏంటి బావా, ఈ ముసలాయన్నా నమ్ముకున్నావ్? ఆయనకి గొర్రెకీ బండరాయికీ తేడా కనపడదు."

నువ్వు అన్నావు, "తెలుసులేరా. పిలవకపోతే చిన్నబుచ్చుకుంటాడు. కొత్త బొమ్మ కొనుక్కున్నాడు, తిప్పుకోనీ. నువ్వు వెనకాల నిలబడి మీ అక్క పాట నీ ఫోనులో తియ్యి. వాడికి తెలియనీకు."

అంటే పాట మీ ఇంట్లోనే ఉంది. నీ మొదటి ఉత్తరం రాకముందే నాకు తెలుసు. ఉన్న పాటను లేనట్టు అడుగుతున్నావు, నేను నొచ్చుకోకూడదని. అడిగిన ప్రతిసారీ నా తల వంగిపోయింది. నేను అబద్ధాలు రాసింది నా తప్పు దాచుకోవడానికే కాదు. నీ మాట మళ్ళీ నీ చెవిన పడకూడదని కూడా. మొత్తం పంపమన్నావు. పంపకపోతే మళ్ళీ ఏదో ఒకటి కల్పించి రాయాలి. నాకు చేతకాదు.

నువ్వు అన్నదాంట్లో తప్పు లేదు. నాకు కనపడదు.

ఒకటి అడగాలి. ఎలా అడగాలో తెలియక రెండు రోజులు ఈ కాగితం ముందు కూర్చున్నాను. వదిన పాడుతున్నప్పుడు మూడడుగుల దూరంలో నిలబడ్డాను. అందరూ ఏడుస్తున్నారు. నేను కెమెరాకు చెవి ఆనించి, చప్పుడు వస్తుందేమోనని వింటూ ఉన్నాను. పాటలో ఒక్క ముక్క కూడా వినలేదు.

మెలిస్ తీసింది నాకు ఒకసారి వినిపిస్తావా?

నీ ఈడువాడు,
తోక్తోసున్