ఆరడుగుల దూరం

కడప,
22-4-1957

కోడుమూరులో ఉన్న మా వదిన లక్ష్మక్కకు, కడప నుంచి నీ వియ్యపురాలు నాగలక్ష్మమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీ మోకాళ్ళ నొప్పి తప్ప మిగిలినదంతా క్షేమమనే తలుస్తాను.

నీ జాబు చేరింది. ఒంటిమిట్ట తిరునాళ్ళకు వచ్చిపోయినవాళ్ళెవరో, నీ కూతురు హులిగెమ్మ చిక్కి పుల్లయిందనీ, మేము దానిచేత మగవాళ్ళ పని చేయిస్తున్నామనీ చెప్పారట. పిల్లను వెంటనే పుట్టింటికి పంపమన్నావు. చదివి ఒళ్ళు మండింది వదినా! పంపను. ఎందుకో విను.

నా కొడుకు ఓబులేసు ఫోటో స్టూడియోకు గోషా ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు కాదు. పరాయి మగవాడి ముందు ముసుగు తీయాలి కదా! అందుకని హులిగెమ్మ తానే కెమెరా పట్టింది. ఇప్పుడు దర్గా వీధి ఆడవాళ్ళు దాని పేరు చెప్పి వెతుక్కుంటూ వస్తున్నారు. మీ కోడలు శానా గట్టిదమ్మా అని వాళ్ళంటుంటే, గడపలో కూర్చున్న నాకు కాళ్ళు నేల మీద నిలవవు. నీ కడుపు చల్లగుండ, ఎట్లాంటి పిల్లను కన్నావు!

అది చెప్పే తీరు నువ్వు వినాలి. కెమెరాకు మన మాదిరే కన్నూ రెప్పా ఉండాయి అంటుంది. ఎండలో మనం కళ్ళు చికిలించుకోమా, అట్లనే కన్ను చిన్నది చేయాల, నీడలో పెద్దది చేయాల అంటుంది. తిరకాసేమంటే, కెమెరా మీద తిప్పే అంకె పెరిగేకొద్దీ ఆ కన్ను చిన్నదవుతుంది! కుదురులేని పిల్లోళ్ళకైతే రెప్ప టక్కున పడాల, లేకుంటే ఒక ముక్కు రెండైతాది అంటుంది.

ఈ మధ్య దానికొక శిష్యురాలు కూడా తయారైంది. ఉత్త మొద్దు బుర్ర. దూరం అంకె ఆరు మీద పెట్టి, ఆరడుగుల దూరాన నిలబడి తీయమంటే, ఆ మహాతల్లి ఆరు అడుగులు వెనక్కి నడిచిపోయి తీసింది! రీలు కడిగి చూస్తే మధ్యలో ఉన్న రోలు గాట్లతో సహా కనిపించింది. దాని వెనక కూర్చున్న మనిషి మొహం మాత్రం పిసికిన చింతపండు. నీ కూతురు పొట్ట పట్టుకుని నవ్వి, ఈ అడుగు నడిచేది కాదు, కొలిచేది అని దర్జీ టేపు చేతికిచ్చింది.

మోకాళ్ళు లేవనీయక నువ్వు ఇంతదూరం రాలేవు. అందుకే హులిగెమ్మ ఫోటో ఒకటి ఇందులో పెట్టాను. నా మాట నమ్మవద్దులే, ఆ బుగ్గలు చూసి నువ్వే చెప్పు. చూశాక దిష్టి తీయడం మరువకు.

ఇట్లు,
నీ కూతురికి అత్తనని ఊరంతా చాటుకునే
నాగలక్ష్మమ్మ

తా.క.: ఇంతకూ హులిగెమ్మ ఫోటో ఎవరు తీశారని అడగవేం? మొగుడు తీస్తానంటే సిగ్గుతో తల వంచేస్తుంది. ఆ మొద్దు బుర్ర శిష్యురాలే, ఈసారి టేపు పట్టి కొలిచి మరీ తీసింది. అది నేనే వదినా. కళ్ళజోడు సర్దుకుంటూ నేను అంకెలు వెతుక్కుంటుంటే, నన్ను చూసి అట్లా నవ్వింది నీ బిడ్డ.