నీ సవతి క్షేమం

లవ్‌డే అక్కా, నేను బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

నువ్వు "నా సవతి" అని తిట్టిపోసే బావ టైగర్ మాత్ విమానం పోయిన వారమే ష్రాప్‌షైర్ చేరింది. రెక్కలు ఊడదీసి, దుప్పట్లు చుట్టి, ట్రైలర్ మీద కట్టి రెండు రోజులు నెమ్మదిగా తెచ్చాను. రెక్కల మీది గుడ్డ ఎక్కడా చిరగలేదు.

రెక్కలు మళ్లీ బిగించి, ఈ ఉదయం ఇంజను స్టార్ట్ చేయబోయాను. ఎప్పటిలాగే ముందు నిలబడి, ప్రొపెల్లర్ పట్టుకుని "స్విచ్ వేశావా?" అని కేకేశాను. లోపల కూర్చున్న బావ "వేశాను" అనేదాకా తిప్పకూడదు కదా, ముప్పై ఏళ్ల అలవాటు. అలాగే నిలబడి ఉన్నాను. బావ పోయి నాలుగు నెలలైందన్న సంగతే తోచలేదు.

షెడ్డు చూసుకునే హెస్కెత్ వచ్చి, "ఎవరి కోసమయ్యా ఇంతసేపు? లోపల ఎవరూ లేరు. నేను ఎక్కనా?" అన్నాడు.

"వద్దులే, గాలి ఎక్కువగా ఉంది" అన్నాను. ఆకు కూడా కదలడం లేదు.

వంటింటి కప్పు కారడం ఆగిందా? నా పిల్లికి చేపలు మరీ ఎక్కువ పెట్టకు. పక్కింటి ట్రెనెరీ గారిని అడిగానని చెప్పు.

విమానం అమ్మేయమన్నావు. సరే, అమ్ముతాను. ముందు ఒక్కసారి రైలెక్కి రా. ఎగరక్కర్లేదు, బావ సీట్లో కూర్చుని "వేశాను" అంటే చాలు. ఆయన ఉన్ని చేతి తొడుగులు వేసుకుని రా. సీటు చల్లబడిపోయింది.

నీ తమ్ముడు
పెట్రాక్