మూడు లీటర్లు, ఒక్క బెల్లు

ఏప్రిల్ 6, సాయంత్రం 6.00

ఈ రోజు నుంచి నేను మూడు లీటర్ల మనిషిని!

కిడ్నీలో రాయి అట. ఆరు మిల్లీమీటర్లు. డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగింది. బస్సు కండక్టర్‌నన్నాను. "అయితే నీళ్లు తాగవన్నట్టు" అంది. ఎట్లా కనిపెట్టిందో! పదకొండేళ్ల సర్వీసులో డ్యూటీ మీద నేను తాగిన నీళ్లన్నీ కలిపితే ఒక బిందె నిండదు. తాగితే వెళ్లాలి. వెళ్లడానికి చోటేది?

రోజుకు మూడు లీటర్లు తాగాలి. మే ఆరున మళ్లీ స్కానింగ్. రాయి పెరిగితే ఆపరేషన్. నాకు ఇంజక్షనంటేనే భయం. కాబట్టి:

పొద్దున ఇంట్లో: ఒక లీటరు
బస్సులో: లీటరున్నర
సాయంత్రం: అర లీటరు

కాశిబుగ్గలో కొత్త బాటిల్ కొన్నాను. గులాబీ రంగు, లీటరున్నర. పక్కన గీతలు, ఒక్కో గీతకు ఒక్కో టైము. మా ఆయన పండరి మరమగ్గం ఆపి మరీ వచ్చి చూశాడు. "ఇది బాటిలా, బిందెనా?" అన్నాడు.

ఏప్రిల్ 7

ఈ రోజు సెలవు పెట్టాను. మూడు లీటర్లూ పూర్తి! ఇంత సులువైన పనికి ఇన్నాళ్లు ఎందుకు భయపడ్డానో.

మా అమ్మాయి సుకన్య ఇంటర్ బైపీసీ. పొద్దున గ్లాసులో వేసిన కిస్మిస్‌లు మధ్యాహ్నానికి బుగ్గలు పొంగించుకున్నాయి. అవి చూపించి పాఠం మొదలుపెట్టింది.

"ప్రతి కణం చుట్టూ పల్చటి పొర ఉంటదమ్మా. లోపల చక్కెర ఎక్కువుంది గద, నీళ్లు వాటంతటవే లోపలికి పోతయి."

"టికెట్ లేకుంటనే?"

"నీళ్లకు జీరో టికెట్, మీ బస్సుల ఆడోళ్లకు ఇచ్చినట్టు. సోడియానికి అట్ల కుదరదు. పొరల పంపు ఉంటది, బలం పెట్టి తొయ్యాలె. మూడు సోడియంలను బయటికి తోసి, రెండు పొటాషియంలను లోపలికి తెస్తది."

మూడు దిగితే రెండే ఎక్కుతాయా! ఆ లెక్కన మా రూట్లో కేసముద్రం వచ్చేసరికి బస్సు ఖాళీ. మేనేజర్ నాకు మెమో ఇస్తాడు.

ఏప్రిల్ 8

డ్యూటీ. వరంగల్ నుంచి కేసముద్రం దాటి చివరి ఊరు దాకా, గంటా నలభై నిమిషాలు.

4.45: ఇంట్లో లీటరు. శెభాష్ వినోదా!
6.00: బస్సు కదిలింది. మొదటి గీత దాకా తాగాను.
6.50: కొద్దిగా తెలుస్తోంది.
7.15: బాగా తెలుస్తోంది. ఒకాయనకు చిల్లర రెండుసార్లు ఇచ్చాను.
7.40: చివరి స్టాపు. ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు, చుట్టూ పత్తి ఏరేసి దున్నిన చేలు. చాటుకు ఒక్క మొక్క లేదు. డ్రైవర్ గట్టయ్యన్న మాత్రం వేపచెట్టు వెనక్కి వెళ్లి, ఈల వేసుకుంటూ వచ్చాడు. ఆ ఈలకు నాకు ఒళ్లు మండింది.
9.30: డిపో. పరుగో పరుగు!

బెల్లు తాడు నా చేతిలోనే ఉంటుంది. ఒక బెల్లు కొడితే బండి ఆగుతుంది, రెండు కొడితే కదులుతుంది. పదకొండేళ్లుగా ఊరందరి కోసం కొట్టాను. నా కోసం కొట్టాలా? అరవైమంది ముందు? ఛీ!

ఏప్రిల్ 11

చిన్న సవరణ. బస్సులో లీటరు చాలు. మజ్జిగ కూడా నీళ్లే.

ఏప్రిల్ 14

ఇంకో సవరణ. బస్సులో అర లీటరు. పుచ్చకాయ కూడా నీళ్లే. పప్పుచారు కూడా నీళ్లే.

సుకన్య పసిగట్టింది. పొంగిన కిస్మిస్‌ను తీసి చిక్కటి ఉప్పునీళ్లలో వేసింది. సాయంత్రానికి ముడతలు పడింది. "ఇగో, ఇది నువ్వే" అంది. నీళ్లు తాగకపోతే రక్తం చిక్కబడి, కణాల్లోని నీళ్లను బయటికి గుంజుతుందట. అద్దంలో చూసుకున్నాను. కొంచెం పోలిక ఉంది.

ఏప్రిల్ 17

ఉపాయం దొరికింది!

చివరి ఊళ్లో రోజూ సమ్మమ్మవ్వ ఎక్కుతుంది. ఆకుకూరల గంప, వరంగల్‌లో బేరం. దారి పొడుగునా ఆకుల మీద నీళ్లు చిలకరిస్తూనే ఉంటుంది. వాలిపోయిన తోటకూర కేసముద్రం దాటేసరికి లేచి కూర్చుంటుంది. ఈ రోజు ఆమె సీసా అయిపోయింది. నా గులాబీ బాటిల్ ఇచ్చాను. మొత్తం పోసేసింది.

ఖాళీ బాటిల్ ఇంటికి తెచ్చాను. సుకన్య మురిసిపోయి నా బుగ్గ గిల్లింది. నేను బాటిల్ కడిగి బోర్లించాను.

ఏప్రిల్ 18, 19, 20, 21

తోటకూర బ్రహ్మాండంగా ఉంది.

ఏప్రిల్ 24

మొన్న టికెట్లు కొడుతుండగా నడుములో కత్తి దిగినట్టైంది. సీటు పట్టుకుని కూలబడ్డాను. గట్టయ్యన్న మధ్యలో ఎక్కడా ఆపకుండా దవాఖానకు తీసుకెళ్లాడు. రెండు ఇంజక్షన్లు. భయపడే తీరిక కూడా దొరకలేదు.

సుకన్య మంచం పక్కన కూర్చుని నోట్సు తిరగేస్తోంది. "బాటిల్ రోజూ ఖాళీ అయితాంది గదమ్మా. మరి గిట్లెందుకైంది?" పాఠంలో ఏదో తప్పు చెప్పానని తన మీదే అనుమానం దానికి.

తట్టుకోలేకపోయాను. "తోటకూర తాగింది బిడ్డా" అని జరిగిందంతా చెప్పాను.

నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది. నాకు చాలా సిగ్గేసింది.

ఏప్రిల్ 27

మళ్లీ డ్యూటీ. బాటిల్ నిండుగా ఉంది, మూత తీయలేదు. సమ్మమ్మవ్వ గంప మీద నీళ్లు చిలకరిస్తోంది. పెదాలు మాత్రం ఎండి పగిలి ఉన్నాయి.

"అవ్వా, ఆకుకు పోస్తానవు, నువ్వెందుకు తాగవు?"

"ఆకుకు ఒంటికొస్తదా బిడ్డా? నాకొస్తది. ఇంటికి పోయినంకనే తాగుత."

లేచి బస్సంతా చూశాను. జీరో టికెట్లు నలభై రెండు కొట్టాను. ఒళ్లో, సంచుల్లో బాటిళ్లు. ఒక్కదానికీ మూత తీసిలేదు. మా బస్సులో అందరమూ ఉప్పునీళ్ల కిస్మిస్‌లమే!

కేసముద్రం దాటాక, రోజూ దాటిపోయే పెట్రోలు బంకు కనిపించింది. వెనకాల రెండు లెట్రిన్లు, తలుపులు కూడా ఉన్నాయి.

ఒక బెల్లు కొట్టాను.

"ఈడ స్టాపు లేదు గద చెల్లె!" అన్నాడు గట్టయ్యన్న.

"నేను ఒంటికి పోవాలన్నా. ఐదు నిమిషాలు ఆపు. ఇంకెవలన్న పోయెటోళ్లుంటే దిగుండ్రి."

బస్సంతా నా వైపే చూసింది. చెవులు కాలిపోయాయి నాకు. అప్పుడు సమ్మమ్మవ్వ గంప పక్కకు జరిపి లేచింది. ఆమె వెనక ఒకరు, ఆ వెనక ఇద్దరు. లెక్కపెట్టడం నాకు అలవాటు కదా, పదిహేడుమంది.

పద్నాలుగు నిమిషాల లేటు. డిపో షీటులో ఆలస్యానికి కారణం రాసే గడి ఉంటుంది. "ట్రాఫిక్" అని రాయబోయి ఆగాను. "ఆడవాళ్లం ఒంటికి వెళ్లాము" అని రాసి సంతకం పెట్టాను. మెమో వస్తే రానీ.

ఏప్రిల్ 28

ఈ రోజు నుంచి నేను మూడు లీటర్ల మనిషిని! (మళ్లీ.)

స్కానింగ్‌కు ఎనిమిది రోజులే. రాయి ఏమంటుందో తెలియదు.

4.45: ఇంట్లో లీటరు.
7.50: సమ్మమ్మవ్వ ఎక్కింది. నా బాటిల్ కోసం చెయ్యి చాపింది.

"ఆకులకు ఇయ్యనవ్వా. నా బిడ్డ తిడతది."

"ఆకులకు కాదు బిడ్డా, నాకే. బంకు కాడ ఆపుతవు గద?"

గటగటా సగం తాగేసింది. రేపటి నుంచి రెండు బాటిళ్లు తేవాలి.