మ్యాప్ మీద ఎర్ర చుక్క

బావా,

యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, నువ్వు పోయాక గోడకి చేరిన నీ మోపెడ్ మొన్నామధ్య ఒక్క కిక్కుకే స్టార్టయినది.

ఇక అసలు సంగతి. బందరులో డిగ్రీ చదువుతున్న నీ కూతురు వేసవి సెలవుల్లో ప్రాజెక్టని దివిసీమంతా తిరిగింది. ఎవరిని ఎప్పుడు ఎక్కడ పాము కరిచింది, ఎంతసేపటికి ఆసుపత్రికి చేరారు అని అడిగి కంప్యూటర్లోకి ఎక్కించింది. నీ బండి తోలింది నేనే.

"పాముల్ని కూడా ఆధార్ కార్డు అడుగుతావేంటే?" అన్నాను.

"నోరు మూసుకుని ముందు చూసి తోలు మావయ్యా!" అంది. అచ్చం నువ్వే.

నిన్న మన ఆసుపత్రిలో డాక్టరుగారికి తెర మీద మ్యాప్ చూపించింది. ఎర్ర చుక్కలన్నీ కాలవ గట్ల వెంబడే, అదీ కాలవలకి నీళ్ళొదిలే రోజుల్లోనే. పుట్టినప్పట్నించీ మనం నడిచిన గట్లే బావా, ఎప్పుడైనా ఇలా కనపడ్డాయా?

ఒక చుక్క మీద వేలు పెట్టి, "ఇది మా నాన్నండీ. విరుగుడు ఇంజెక్షను అవనిగడ్డలో కాకుండా ఇక్కడే ఉండుంటే..." అని ఆగిపోయింది.

డాక్టరుగారు లేచి చప్పట్లు కొట్టారు. సాయంత్రానికల్లా ఇంజెక్షన్లు మనూరొచ్చేశాయి.

ఇందులో ఆ ఒక్క కిక్కు సంగతి అబద్ధం, బండిని నీ కూతురే వెనకనుంచి తోసింది. చప్పట్లూ అబద్ధమే. ఇంజెక్షన్లు కూడా ఇంకా రాలేదు, పైకి రాస్తామన్నారు.

చుక్క మాత్రం నిజం బావా.