హోబర్ట్ టోపీ ఊపే మైదానం

కౌంటీ భూవినియోగ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: క్రాబ్‌ట్రీ లోయలో మా పెరటి వెనుక నేను ఏర్పాటు చేసుకున్న నాటు తుపాకుల దూరపు గురి మైదానంపై తమరు విధించిన నిలుపుదల ఉత్తర్వును రద్దు చేయుట, లేదా కనీసం కాస్త సడలించుట గురించి.

సదరు లోయ కాపురస్తుడను, స్కూలు బస్సు నడిపి రిటైరయినవాడను అగు అర్విల్ టాకెట్ అను నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు మైదానం మా గడ్డి చేను పొడవునా మూడు వందల గజాలు ఉన్నది. ఆ కొసన కొండను ట్రాక్టరుతో తొలిచి, నిలువెత్తు మట్టికట్ట పోసి, దాని ముందు గొలుసులకు దళసరి ఇనుప పలక వేలాడదీశాను. గాలి వాటం తెలియడానికి దారి పొడవునా కర్రలకు పాత దుప్పటి పీలికలు కట్టాను. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు కడ్డీతో దట్టించి కాల్చే తుపాకి ఇది. ఒక గుండుకూ మరొక గుండుకూ మధ్య లేడి వచ్చి గడ్డి మేసి తీరిగ్గా వెళ్లిపోవచ్చు. కావున ప్రజా భద్రతకు భంగం ఏమిటో నాకు బోధపడలేదు.

2. ఇదంతా నా సరదా కోసమని తమ ఉత్తర్వులో ఉన్నది. పూర్తిగా నిజం కాదు. వాగు అవతల, మైదానానికి పక్కగా, హోబర్ట్ స్లోన్ ఇల్లు ఉంది. మీసాలు వచ్చిన నాటి నుంచీ మేమిద్దరం పోటీలకు కలిసే వెళ్లేవాళ్లం. గనిలో బొగ్గు దుమ్ము అతని ఊపిరితిత్తులను తినేసింది. ముక్కుకు గొట్టం, పక్కన ఆక్సిజన్ యంత్రం. మందూ నిప్పూ ఉన్న చోటికి అతడిక రాకూడదు, కారులో దూరాలు పోకూడదు. అతడు పోటీకి పోలేడు గనుక పోటీనే అతని వరండా ఎదుటికి తెచ్చాను. నేను కాలుస్తాను. అతడు కుర్చీలో కూర్చుని దుర్భిణిలోంచి చూసి, గుండు ఎటు పోతే అటు టోపీ ఊపుతాడు. పలక మోగితే టోపీ ఎగరేస్తాడు.

3. ఫిర్యాది శ్రీమతి ఇమొజీన్ స్లోన్, సదరు హోబర్ట్ భార్య. ఆరేసిన బట్టలకు పొగ పడుతోందనీ, కోళ్లు బెదురుతున్నాయనీ రెండు కారణాలు చూపారు. బట్టల సంగతి ఒప్పుకుంటాను, తుపాకి మందు పొగ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. కోళ్ల సంగతి ఒప్పుకోను. తుపాకి పేలితే అవి తలైనా ఎత్తవు.

అసలు కారణం ఆమె రాయలేదు. హోబర్ట్ టోపీతో ఊరుకోడు. "ఎడమకి పోయిందిరా గుడ్డోడా!" అని వాగు దాటేలా కేకేస్తాడు. తర్వాత దగ్గు. అది తగ్గేదాకా అతని వీపు పట్టుకుని కూర్చునేది ఆమె. నాకు ఇవతలికి కేక ఒక్కటే వినబడేది.

4. తమ ఉత్తర్వు అందిన రోజే తుపాకి గోడకెక్కించాను. తర్వాత కొన్నాళ్లకు ఇమొజీన్, చేతులకంటిన పిండి కూడా కడుక్కోకుండా, వంతెన దాటి వచ్చింది.

"ఏవయ్యా అర్విల్, ఆ తుపాకి ఏది?"

"గోడకుంది. అంతా నీ దయే."

"మొన్న పెనం మీద గుడ్డు కొడుతుంటే 'కాస్త కుడికి పడింది' అన్నాడు. రొట్టెలు పళ్లెంలో పెడుతుంటే 'గురి తప్పింది' అన్నాడు. గరిటె విసిరేద్దామనుకున్నా. ఇవాళ అదీ అనడం లేదు. గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పిలిస్తే పలకడు. అరిస్తే దగ్గుతాడనే కదయ్యా నా భయం? ఇప్పుడు ఇల్లంతా ఆ యంత్రం చప్పుడొక్కటే."

"ఫిర్యాదు వెనక్కి తీసుకోరాదూ?"

"సంతకం పెట్టిచ్చా. ఆ ఆఫీసులో పిల్ల ముందు నిలబడి మాట మార్చమంటావా? మందు దట్టించు."

"ఉత్తర్వుంది, ఇమొజీన్. నేను కాల్చకూడదు."

"నిన్నెవరు కాల్చమన్నారు?"

5. ఆ విధంగా ఉత్తర్వు అమలులో ఉండగా సదరు మైదానంలో ఒక గుండు పేలిన మాట వాస్తవం. పేల్చినది స్వయంగా ఫిర్యాదియే అని రికార్డులో నమోదు చేయ ప్రార్థన. తుపాకి వెనక్కి తన్నిన తన్నుకు ఆమె, నేను కూర్చుని కాల్చే బల్ల మీంచి గడ్డిలో కూలబడింది. పలక మోగలేదు. పొగ విడిపోయినా వాగు అవతల ఏమీ కదల్లేదు. మేమిద్దరం అతని వరండాకేసి చూశాం.

తలుపు తెరుచుకుంది. హోబర్ట్ గొట్టం ఈడ్చుకుంటూ వరండాలోకి వచ్చి, మట్టికట్టలో గుండు దిగిన చోటును దుర్భిణితో వెతికాడు.

"ఒరేయ్ అర్విల్! పలకెక్కడ, నువ్వు కొట్టిందెక్కడరా! నీ పని అయిపోయింది!"

ఇమొజీన్ లేచి ఏప్రన్ ఊపింది. "వాడు కాదు, నేను!"

అతడు వరండా స్తంభం పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే దగ్గాడు, దగ్గుతూనే టోపీ కుడికి ఊపాడు. ఆమె మోకాళ్ల గడ్డి దులుపుకోకుండానే నా వైపు తిరిగింది.

"కుడికంటే ఏం చెయ్యాలి?"

"ఈసారి కాస్త ఎడమకి జరపాలి."

"అయితే ఇంకోటి దట్టించు."

నేను దట్టించలేదు, ఉత్తర్వు గుర్తొచ్చింది. ఆమె నా వైపు చూసిన చూపు తమరు చూడలేదు గనుక ఈ అర్జీ రాయవలసి వచ్చినది.

కావున శనివారం మధ్యాహ్నాలు మాత్రమే, తీగ మీద బట్టలు లేనప్పుడు మాత్రమే, హోబర్ట్ నోటితో గాక టోపీతోనే చెప్పవలెనన్న షరతుపై మాకు అనుమతి దయచేయుదురని నమ్ముచున్నాను. తమరు పనుల ఒత్తిడిలో ఉన్నను, దీనిని తక్కిన కాగితాల అడుగున పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అర్విల్ టాకెట్

తా.క.: ఇది ఇమొజీన్ రాస్తున్నది. కోళ్ల గురించి ఇతను రాసింది అబద్ధం, మిగతాది నిజం. నా ఫిర్యాదు వెనక్కి తీసుకోను, మీరే దాన్ని ఎక్కడైనా పారేసుకోండి. అనుమతి కాగితంలో కాల్చేవాళ్ల పేర్లు రాసే చోట నా పేరు కూడా రాయండి. హోబర్ట్ నేర్పుతానంటున్నాడు. పెళ్లయ్యాక అతను చెప్పింది వింటానని నేను ఒప్పుకోవడం ఇదే మొదలు. ఇంకెన్ని శనివారాలున్నాయో డాక్టరు చెప్పడం లేదు. తొందరగా సంతకం పెట్టండి.