మూతి తిప్పుకున్న కప్పు

బంగారు అక్కా,

ఆదివారం పేపర్ రాగానే ఎవడు ఎవణ్ణి తిట్టాడో చూడకుండా సరాసరి నీ పేజీకే వెళ్ళిపోతానని నీకు తెలుసు. 'కంటికి చలువ' మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఒక్కటీ వదల్లేదు. మంగలి షాపు అద్దం మీద రంగులతో వేసిన కత్తెర, లిఫ్టు మీటల మీద ఎవరో గీసిన నవ్వు మొహాలు, సినిమా టికెట్టు మూలన దాక్కున్న పిట్ట... నువ్వు రాసేదాకా ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నా నాకు కనపడేవి కావు. నీ పుణ్యమా అని మా కార్ఖానా గేటు గొళ్ళెం ఏనుగు తొండంలా ఉంటుందని కనిపెట్టాను. వాచ్‌మన్‌కి చూపిస్తే, "పొద్దున్నే ఏమైందమ్మా నీకు?" అని జాలిగా చూశాడు.

మొన్న పేజీ తిప్పితే అందులో మన కప్పు. ఒక్క క్షణం నా కళ్ళని నేనే నమ్మలేదు. అరపేజీ బొమ్మ! ఒసేయ్, నేను చేసిన కప్పు పేపర్లో పడిందే అని గెంతులు వేయబోయి, కింద నువ్వు రాసింది చదివాను. "అలిగి మూతి పక్కకి తిప్పుకున్న పిల్లలా ఉంది చూడండి. వేళ్ళు దాక్కోవడానికి పిడికి గుంటలు కూడా ఉన్నాయి. ఇంత ముద్దొచ్చే వస్తువుని ఎవరు చేశారో తెలియదు. తెలియకపోవడమే దీని అందం."

ఎవరు చేశారో తెలియదా అక్కా? నువ్వు మనింటికి వచ్చినప్పుడు కిటికీలో ఆరబెట్టిన ఆ కప్పుని చూసి, "అబ్బ, ఎంత ముద్దుగా ఉందే! ఎక్కడ కొన్నావు?" అన్నావు. "కొనలేదు, నేనే చేశా" అన్నాను. నువ్వు విన్నావు. విని నా బుగ్గ కూడా గిల్లావు. బస్సుకి టైమైపోతోందని నిలబడే కాఫీ తాగి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయావు. అమ్మ దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుంది, నీకు చెయ్యి కూడా ఊపింది.

ఆ కప్పు ముద్దు కోసం చేసింది కాదు. అమ్మకి పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయాక, మూతి వంకర పోయాక, ఏది తాగినా సగం మెడ మీదికే కారేది. చెంచాతో పడతానంటే మొహం తిప్పేసేది. "నేనేమన్నా పసిపిల్లనా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. నీకు ఫోన్ చేసినప్పుడు మాత్రం "నాకేమే, రాయిలా ఉన్నా" అనేది, అది వేరే సంగతి. కార్ఖానాలో పూలకుండీలు చేసే మట్టి ముద్ద ఒకటి ఇంటికి తెచ్చి, అమ్మ చేతిలో పెట్టి, "నీకు ఎవరి మీద కోపమో వాళ్ళని తలుచుకుని పిసుకు" అన్నాను. నవ్వుతూ పిసికింది. ఆ వేళ్ళ గుంటలే పిడి అయ్యాయి. అంచుకి చిన్న ముక్కు తీసి, సరిగ్గా అమ్మ నోటి మూలకి అందేలా పక్కకి తిప్పాను. బట్టీలో పెట్టినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పగిలాయి. చివరికి ఒకటి నిలిచింది. అందులో మొదటిసారి ఒక్క చుక్క కారకుండా తాగి, అమ్మ ఖాళీ కప్పుని బోర్లించి చూపించింది. ఆ మూతి తిప్పుకున్నది కప్పు కాదక్కా. అది అమ్మ మూతి.

పేపర్ అమ్మకి చూపించాను, ఎవరు చేశారో తెలియదన్న వాక్యం మాత్రం చదివి వినిపించలేదు. మురిసిపోయింది. నాకేమో ఆ ఫొటోలో మన కప్పు ఎందుకో పరాయిదానిలా అనిపించింది, అంతుపట్టలేదు. నాకేమీ వద్దు. వచ్చే ఆదివారం ఓ మూలన, చిన్న అక్షరాలతోనైనా సరే, 'ఆ కప్పు మా చెల్లి మా అమ్మ కోసం చేసింది' అని వెయ్యి. అంతే.

నీ బుడంకాయ


అక్కకి,

నా ఉత్తరానికి జవాబుగా నువ్వే స్వయంగా దిగావు. సంతోషించాను. "సొంత చెల్లి చేసిందని రాస్తే ఇంట్లోవాళ్ళని పొగుడుకున్నట్టు ఉంటుందే, ఎవరైనా నవ్వుతారు" అన్నావు. సరే, ఉద్యోగం నీది, దాని ఇబ్బందులు నీవి అని నోరు మూసుకున్నాను. తర్వాత అట్టపెట్టె విప్పావు. ఎవరో ఇంటిసామాన్ల కంపెనీవాళ్ళు నీ పేజీ చూసి ముచ్చటపడి, ఆ ఫొటోని బట్టి అచ్చులు పోసి, మన కప్పుని వందలకొద్దీ దించేశారని చెప్పావు. పేరు 'అలక కప్పు' అట. పసుపు, నీలం, గులాబీ. పిల్లకాయలు ఎగబడి కొంటున్నారట. మన కప్పు మాత్రం మీ పేపరువాళ్ళ ప్రదర్శనలో అద్దాల పెట్టెలో పెట్టాలి, కొన్నాళ్ళు ఇమ్మన్నావు.

"అమ్మ దేంట్లో తాగుతుంది?" అన్నాను.

"ఏంటే బుడంకాయ్, ఇదిగో ఇన్ని తెచ్చాను కదా! అచ్చం అదే!"

అచ్చం అదే. రెండూ బల్ల మీద పక్కపక్కనే పెట్టావు. ఎక్కడెక్కడి గొళ్ళేల్లోనూ గోడల్లోనూ అందం పట్టుకునే కళ్ళు నీవి, ఆ రెండింటికీ తేడా నీకు ఆనలేదు. నాకూ అప్పటికి ఆనలేదు, ఒప్పుకుంటాను.

నువ్వు గులాబీ కప్పులో కాఫీ పోసి, అమ్మకి కుడిపక్కన కూర్చుని, "అమ్మా, నీ కప్పు ఊళ్ళన్నీ తిరుగుతోంది, ఏదీ, తాగు, ఫొటో తీస్తా" అన్నావు. అమ్మ దుప్పట్లోంచి ఎడమచెయ్యి తీసింది. పిడి అవతలి పక్కనుంది. కప్పుని తిప్పి చూసింది, అప్పుడు ముక్కు బయటికి పోయింది. నా వంక చూసింది. నేను లేవబోతే కళ్ళతోనే వద్దంది. తర్వాత ఏం చేసిందో నువ్వు ఫోన్ తెర మీద చూస్తున్నావు కాబట్టి నీకు తెలియదు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, ఆ పిడి మీద పెట్టింది. నీ ఫొటో కోసం. లేపింది కూడా.

వేడి కాఫీ ఒళ్ళో పడింది. "అయ్యో, చేతులు వణుకుతున్నాయి పాపం" అన్నావు నువ్వు. "లేదే, కాస్త వేడిగా ఉంది, అంతే" అంది అమ్మ, నవ్వుతూ. నువ్వు తుడిచావు, నిజమే, నీ కొత్త చున్నీతోనే తుడిచావు. వెళ్ళేటప్పుడు తన కప్పుని అమ్మే నీ చేతిలో పెట్టింది. "తీసుకెళ్ళు తల్లీ, నలుగురూ చూస్తారు" అంది. నువ్వు వెళ్ళాక చూస్తే తొడ మీద బొబ్బ.

ఆ తర్వాత నీ పేజీ తీసి, అలక కప్పు పక్కన పెట్టి చూశాను. అప్పుడర్థమైంది ఫొటోలో ఎందుకు పరాయిదనిపించిందో. అద్దంలో బొమ్మలా కుడిఎడమలు తిరగేశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వే చెప్పావు, గుర్తుందా? పేజీలు కూర్చే ఆయన దేన్నైనా రాత వైపు చూసేలా పెడతాడనీ, మొహం బయటికి ఉంటే చదివేవాళ్ళ కన్ను కూడా పేజీ దాటి పోతుందనీ. అందుకని కప్పు మూతిని నీ రాత వైపు తిప్పాడు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన పని ఆయన చేశాడు. కంపెనీవాళ్ళు ఫొటోలో ఉన్నట్టే చేశారు. ఇన్ని చేతులు మారిన ఆ బొమ్మని చూసి 'ఇది తప్పు' అనగలిగిన మనిషి ఒక్కతే ఉంది, అది నువ్వు. అమ్మకి పడిపోయింది ఏ చెయ్యో తెలిస్తే కదా అనడానికి!

ఒళ్ళు మండిపోతోందక్కా. మన అమ్మ చెయ్యి. నీకు జడ వేసిన చెయ్యి. పడిపోయింది కుడిచెయ్యి. ఇప్పుడైనా ఎక్కడన్నా రాసిపెట్టుకో.

ఇప్పుడు చెంచాతో పడుతున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని మింగుతోంది, నా మొహం చూడలేక. ఇంకో కప్పు చేసిపెడదామంటే, అమ్మ వేళ్ళు మట్టిని అప్పటిలా పిసకలేకపోతున్నాయి. గుంటలు పడటం లేదు. నీ ప్రదర్శన సంగతి నాకు అనవసరం, మా కప్పు మాకు పంపించు. అది వచ్చేదాకా నాకు ఫోన్ చెయ్యకు. నీ పేజీ కూడా ఇక చదవను. ఇవన్నీ నీకు రాయొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది. ఒట్టు తీసి గట్టున పెట్టి రాస్తున్నాను.

ఇట్లు,
ఎవరో తెలియని మనిషి


అక్కా,

కప్పు చేరింది. దూదిలో చుట్టి భద్రంగా పంపావు, చిన్న పగులు కూడా లేదు. లోపల నాలుగు ముక్కలు రాసిన కాగితమేమైనా ఉందేమోనని దూదంతా పీకి చూశాను. లేదు. ఆదివారం పేపర్ చదవనన్నాను కానీ చదివాను. ఈసారి గొడుగు పిడి గురించి రాశావు. చాలా బాగా రాశావు. ఏం చెయ్యను, బాగా రాస్తావు.

కప్పు కడిగి, కాఫీ పోసి, గర్వంగా తీసుకెళ్ళి అమ్మ ఎడమచేతికి ఇచ్చాను. అందుకుని, పక్కన పెట్టేసింది. "తర్వాత తాగుతాలే, ముందు అది ఇటియ్యి" అంది. అది అంటే నీ గులాబీ కప్పు. ఆ పెట్టెని చెత్తలో పారేస్తానని నేను తీస్తే, ఒక్కటి అడిగి దిండు పక్కన దాచుకుంది. రంగు బాగుంది, అందుకేమో అనుకున్నాను.

అందుక్కాదు. నేను పనికి వెళ్ళాక, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, అందులో కాసిని చన్నీళ్ళు పోసుకుని, కుడిచేతిని దాని మీద పెట్టి లేపుతోందట. పక్కింటావిడ చెప్పింది. నీళ్ళు ఒలికిపోతే మళ్ళీ పోయించుకుంటోందట. నేను నిలదీశాను. "డాక్టరు ఆ చెయ్యి ఇక రాదన్నాడు కదా, ఎందుకమ్మా ఈ తంటా? నీ కప్పు నీకు తెప్పించాను కదా!" అని అరిచాను కూడా.

"అది నీ కప్పే, నాకు బంగారమే" అంది అమ్మ. మాట ఇంకా ముద్దముద్దగానే వస్తోంది, నేను వినగా వినగా అలవాటుపడ్డాను. "ఇది పెద్దది తెచ్చింది. ఈసారి వచ్చినప్పుడు దాని కప్పులో తాగకపోతే చిన్నబుచ్చుకుంటుందే. అది తప్పుగా తెచ్చిందని దానికి తెలియకూడదు."

నేను నీకు రాసేశానని చెప్పలేకపోయాను. బయటికొచ్చి పంపు తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. నీ మీద కోపంతో ఏడ్చానో, ఆమె మీద కోపంతోనో నాకే తెలియదు. ఆమె మోచెయ్యి దాకా చచ్చిపోయిన చెయ్యిని నీ కోసం లేపుతుంటే, ఒక్క పూట కూడా తప్పకుండా పక్కనున్న నేను చూస్తూ నిలబడాలి. ఇదేం న్యాయమో!

నిన్న కప్పు బల్ల మీంచి వేలెడంత లేచింది. "చూశావా!" అని కప్పు ఇంకా చేతిలో ఉండగానే నా వైపు తిరిగింది, మొత్తం ఒలికింది, ఇద్దరం నవ్వాం.

అందుకని రాస్తున్నాను. రా. ప్రదర్శనలూ ఫొటోలూ అయ్యాకే రా, నాకేం తొందర లేదు. కానీ వచ్చాక ఆమెకి కుడిపక్కనే కూర్చో, ఏమీ తెలియనట్టే కూర్చో. కాఫీ నేనే చల్లార్చి గులాబీ కప్పులో పోసి ఇస్తాను. ఆమె ఎత్తి తాగేదాకా ఫోన్ బ్యాగులోంచి తియ్యకు, బస్సుకి టైమైందనకు. ఒలికితే నేను తుడుస్తాను. నువ్వు మాత్రం "ఎంత బాగుందమ్మా" అను.

బుడంకాయ